డిఫెండర్ కోచ్ అయితే గోడ కట్టిస్తాడా?

ప్రశ్న: ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ న్యూకాజిల్ మేనేజర్ (అంటే పెద్ద కోచ్) ఎడ్డీ హౌ ఒకప్పుడు గోల్ పడకుండా కాచే డిఫెండరట కదా! 31 ఏళ్లకే మేనేజర్ ఎలా అయ్యాడండీ? జట్టు చేత కాపుకాసే ఆటే ఆడిస్తాడా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: అంత తొందరగా కోచింగ్‌లోకి రావడానికి కారణం మోకాలు. 2002లో బోర్న్‌మత్ క్లబ్ నుంచి పోర్ట్స్‌మత్ క్లబ్ అతన్ని 4 లక్షల పౌండ్లిచ్చి తీసుకుంది. గాయంతో అక్కడ ఆడింది రెండే లీగ్ మ్యాచ్‌లు. 2004లో వెనక్కి తెచ్చుకుందామంటే పాత క్లబ్ చేతిలో డబ్బుల్లేవు. మన దగ్గర తీర్థానికి చందాలెత్తినట్టు అభిమానులే 21 వేల పౌండ్లు పోగుచేశారు. రిజర్వ్ జట్టుకు కోచ్‌గా మారి 2007లో ఆట మానేశాడు.

2008 డిసెంబర్ ఆఖర్న పెద్ద జట్టు చేతికొచ్చింది. అప్పటికి బోర్న్‌మత్ ఉన్నది ఇంగ్లండ్ లీగ్‌లో నాలుగో అంచెలో. అప్పుల గొడవలో నిబంధనల ప్రకారం 17 పాయింట్లు ముందే కోసేశారు. అంటే అయిదు గెలుపులు, రెండు డ్రాలు అయితేగానీ లెక్క సున్నాకి రాదు. 24 జట్లలో ఆఖరి రెండూ లీగ్ నుంచే పోతాయి. బోర్న్‌మత్ 21వ స్థానంలో బతికి బయటపడింది. మధ్యలో కొన్నాళ్లు బర్న్‌లీ క్లబ్‌కు వెళ్లొచ్చినా, 2015లో బోర్న్‌మత్‌ను మొదటిసారి పై అంచె అయిన ప్రీమియర్ లీగ్‌కు ఎక్కించాడు.

ఇక కాపుకాసే ఆటంటారా? 2018-19లో బోర్న్‌మత్ 56 గోల్స్ కొట్టి 70 ఇచ్చుకుంది! గోడ కట్టేవాడి లెక్కలా లేదు. అతను న్యూకాజిల్‌కు వెళ్లాక, 2022-23లో ఆ జట్టు ఇచ్చింది 33. అక్కడ వెనక్కి తగ్గి కాచుకోలేదు, ముందుకెళ్లి బంతి లాక్కోవడం నేర్పాడు.

ప్రశ్న: మా స్కూల్ జట్టులో పొడుగు కుర్రాళ్లున్నా కార్నర్‌లో (మూల నుంచి కొట్టే కిక్‌లో) గోల్ పడదు. ఇంగ్లండ్ లీగ్ కప్ ఫైనల్లో న్యూకాజిల్ ఆటగాడు డాన్ బర్న్ తలతో కొట్టిన హెడర్ మాకూ పనికొస్తుందా?
– ఒక పీఈటీ, పాలకొల్లు

జవాబు: పనికొస్తుంది. 2025 మార్చి 16న ఆ ఫైనల్లో ఎదుటి జట్టు లివర్‌పూల్ తన పొడుగు మనుషుల్ని గోల్ ముందు పేర్చింది. బర్న్ ఆ గుంపులోకి వెళ్లకుండా దూరంగా నిలబడ్డాడు. రెండు మీటర్ల మనిషిని కాయడానికి మిగిలింది పొట్టివాడైన మెకాలిస్టర్. కార్నర్ కొట్టిన న్యూకాజిల్ ఆటగాడు ట్రిప్పియర్ బంతిని బర్న్ దగ్గరికే వేశాడు. 1955 తర్వాత న్యూకాజిల్‌కు దక్కిన తొలి దేశవాళీ ట్రోఫీ అది, 2-1తో.

మీరు పెనాల్టీ స్పాట్ (గోల్‌కు ఎదురుగా ఉండే చుక్క) దగ్గర ఒక కొబ్బరి డొక్క పెట్టండి. కార్నర్ కొట్టేవాడి గురి అదే, గోల్ ముందు చోటు కాదు. హెడర్ కుర్రాడు అయిదారు అడుగులు అవతల నిలబడి, బంతి గాల్లోకి లేచాకే పరుగు మొదలెట్టాలి. ఎక్కువగా చెడేది ఇక్కడే: ముందే పరిగెత్తి బంతి కిందికి వెళ్లిపోతాడు, అది నెత్తిమీద తగిలి బార్ దాటిపోతుంది. కళ్లు తెరిచి నుదుటితో, కిందికి కొట్టాలి. ముసురు పట్టి గ్రౌండ్ జిగురుగా ఉంటే పరుగు రెండడుగులు తగ్గించండి, కాలు జారితే ఎగరలేరు. బంతి పోతే ఎదురుదాడి వస్తుంది కాబట్టి వెనక ఇద్దరిని వదలకుండా ఉంచండి.

ఇంకొకటి, హెడర్ల ప్రాక్టీస్ ఎక్కువ చేయించొద్దు. ఇంగ్లండ్‌లో పెద్దవాళ్లకే గట్టి హెడర్లు వారానికి పదికి మించొద్దని 2021లో సూచించారు. ప్రైమరీ పిల్లలకైతే ప్రాక్టీస్‌లో హెడర్లే వద్దన్నారు. గురి, పరుగు కుదిరేదాకా బంతిని చేత్తో పట్టించండి.