కుంటుతున్న పుంజుకు నొప్పి ఇంజెక్షన్ వద్దు, ముందు పాదం తిప్పి చూడండి

ప్రశ్న: పెరట్లో 14 పెట్టలు, 3 పుంజులు పెంచుతున్నాం. అన్నింటికీ లేయర్ దాణానే (గుడ్లు పెట్టే కోళ్ల దాణా) వేస్తాం. టీకాలు ఏవీ వేయించలేదు. పది రోజుల క్రితం 3 కిలోల పుంజు ఒకటి కుంటడం మొదలుపెట్టింది. కొక్కెర తెగులేమో అనుకుని మందుల షాపులో అడిగితే నీళ్లలో కలిపే యాంటీబయాటిక్ పొడి, నొప్పి తగ్గడానికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఇచ్చారు. రోజుకు 1 మి.లీ. చొప్పున మూడు రోజులు వేశాం. నాలుగో రోజు మేత మానేసింది, నీళ్లు మాత్రం తెగ తాగింది, సున్నం లాంటి రెట్ట వేసింది. ఐదో రోజు పొద్దున్నే చనిపోయింది. ఇప్పుడు రెండో పుంజు కుడి కాలు కింద పెట్టడం లేదు. పాదం అడుగున నల్లటి మచ్చ ఉంది. పెట్టలన్నీ బాగానే ఉన్నాయి. దీనికీ అదే ఇంజెక్షన్ వేయమంటారా? డోసు ఎంత?

జవాబు: వేయకండి. ఆ సీసాను మళ్లీ కోళ్ల దగ్గరికి రానివ్వకండి. మీ మొదటి పుంజు కొక్కెర తెగులుతో పోలేదు. ఆ తెగులైతే టీకా వేయని మందలో ఒక్క పుంజుతో ఆగదు. నాలుగైదు రోజుల్లోనే పెట్టలు కూడా ఆకుపచ్చగా నీళ్ల విరేచనాలు పెట్టేవి, నోరు తెరిచి ఎగశ్వాస తీసేవి, కొన్నింటికి మెడ వంకర తిరిగేది. మీరు రాసిన వాటిలో అవేవీ లేవు.

నా అనుమానమంతా ఇంజెక్షన్ మీదే. కోడికి మనలా మూత్రం ఉండదు. రెట్టలో కనిపించే తెల్లటి భాగమే కిడ్నీల నుంచి వచ్చే యూరిక్ ఆమ్లం. డైక్లోఫెనాక్ పక్షుల కిడ్నీలను దెబ్బతీస్తుంది. అప్పుడు ఆ తెల్లటి పదార్థం బయటికి పోలేక గుండె, కాలేయం, కీళ్ల మీద పేరుకుంటుంది. ఇలా చనిపోయిన కోడిని కోసి చూస్తే గుండె మీద సున్నం చల్లినట్టు ఉంటుంది. ఈ మందు వాడిన పశువుల కళేబరాలు తిని రాబందులు ఇలాగే లక్షల సంఖ్యలో చనిపోయాయని 2004లోనే తేలింది. అయినా షాపుల్లో కోడికి, మేకకు, గేదెకు ఒకే సీసా చేతిలో పెడుతున్నారు. కోడిని చూడకుండా, తూకం వేయకుండా, కాలైనా పట్టి చూడకుండా మందు ఇచ్చేవాళ్ల మాట దయచేసి వినకండి. మందుతో బతకాల్సిన కోళ్లు మందు వల్లే చావడం చూస్తే బాధగా ఉంటుంది.

దాణా కూడా ఒక కారణం కావచ్చు. లేయర్ దాణాలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉంటుంది. గుడ్డు పెట్టని పుంజుకు 1 శాతం చాలు. నెలల తరబడి ఎక్కువైన కాల్షియం కిడ్నీలకు భారమే. రేపటి నుంచి అన్నింటికీ గ్రోయర్ దాణా (ఎదిగే కోళ్ల దాణా) వేసి, పెట్టల కోసం ఆల్చిప్పల పొడిని వేరే గిన్నెలో పెట్టండి. అవసరమైనంత అవే తింటాయి.

ఇక రెండో పుంజు సంగతి. పాదం అడుగున ఉన్న ఆ నల్ల మచ్చే జబ్బు. దీన్ని బంబుల్‌ఫుట్ అంటాం. ముల్లో, గాజుపెంకో గుచ్చుకుని గానీ, ఎత్తైన దూలం మీద నుంచి గట్టి నేల మీదికి దూకి పాదం చితికి గానీ స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా లోపలికి చేరుతుంది. బరువెక్కువ కాబట్టి పుంజులకే ఇది ఎక్కువ. పక్షుల్లో చీము కారదు, మైనం ముద్దలా గట్టిపడుతుంది. ఆ ముద్దలోకి యాంటీబయాటిక్ సరిగా చేరదు. మొదటి పుంజుదీ ఇదే జబ్బయితే, మీరు నీళ్లలో కలిపిన పొడి ఏమీ చేయలేకపోయింది అందుకే. పైగా జబ్బు కోడి ఎన్ని నీళ్లు తాగిందో, ఎంత మందు లోపలికి వెళ్లిందో ఎవరికి తెలుసు?

చేతులకు గ్లవ్స్ వేసుకోండి, ఈ బ్యాక్టీరియా మన చేతి గాయాలకూ అంటుతుంది. లీటరు గోరువెచ్చని నీళ్లలో 2 పెద్ద చెంచాల ఎప్సమ్ సాల్ట్ కలిపి పాదాన్ని 15 నిమిషాలు నాననివ్వండి. పెచ్చు మెత్తబడి, మెల్లగా లాగితే దానంతట అది ఊడి వస్తే లోపలి ముద్దను శుభ్రమైన గాజుగుడ్డతో తీసేయండి. రాకపోతే బ్లేడుతో కెలకొద్దు, రక్తం బాగా పోతుంది. తర్వాత పొవిడోన్ అయోడిన్ రాసి, గాజుగుడ్డ మడత పెట్టి, వేళ్ల మధ్య నుంచి కట్టు కట్టండి. గంట తర్వాత వేళ్లు ముట్టుకుని చూడండి. చల్లగా గానీ, ఉబ్బి గానీ ఉంటే కట్టు బిగుతైనట్టే, వదులు చేయండి. మొదటి 5 రోజులు రోజూ, తర్వాత రోజు విడిచి రోజు కట్టు మార్చాలి. పూర్తిగా మానడానికి 2, 3 వారాలు పడుతుంది, తొందరపడొద్దు. అంతవరకు వేరే గదిలో 3 అంగుళాల మందాన పొడి గడ్డి పరిచి ఉంచండి, ఎక్కడానికి ఏమీ పెట్టకండి.

వాపు మడమ కీలు దాకా పాకినా, పుంజు మేత మానేసినా అదే రోజు పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ముద్ద కోసి తీయాలా, ఏ యాంటీబయాటిక్ వాడాలి అన్నది ఆయన చూసి చెప్పాలి. నొప్పికి మెలోక్సికామ్ పక్షులకు కాస్త భద్రమైన మందు. కానీ అదీ తూకం చూసి ఆయన ఇవ్వాల్సిందే. మందు పడిన కోడిని, గుడ్డును ఎన్ని రోజులు తినకూడదో కూడా అప్పుడే అడగండి.

కుంటే ప్రతి కోడికీ ఇదే జబ్బని మాత్రం అనుకోకండి. 3 నుంచి 5 నెలల పిల్ల ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి చాపి పడిపోతే అది మారెక్స్. దానికి మందు లేదు, ఒక రోజు వయసులో వేసే టీకాయే దిక్కు. జ్వరం, ఆకుపచ్చ రెట్టతో పాటు కాళ్లు పడిపోతే రాత్రి టార్చి వేసి గూటి చెక్కల సందులు చూడండి. కోడి గోమార్లు పగలు అక్కడ దాక్కుని రాత్రి రక్తం తాగుతాయి, స్పైరోకీటోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు అంటిస్తాయి. దానికి పెన్సిలిన్ బాగా పనిచేస్తుంది, త్వరగా గుర్తిస్తేనే. ఒక్కసారిగా చాలా కోళ్లు చనిపోతే, జుట్టు నీలంగా మారితే, వాటిని ముట్టుకోకుండా, కోయకుండా వెంటనే పశువైద్యశాలకు చెప్పండి.

కొక్కెర తెగులు ఈసారి రాలేదు గానీ, టీకా లేని మందకు ఎప్పుడైనా రావచ్చు. బాగున్న కోళ్లకు ముందు నులిపురుగుల మందు తాగించి, వారం తర్వాత కొక్కెర తెగులుకు లాసోటా అనే టీకా చుక్క కంట్లో వేయండి, 4 వారాలకు అదే తెగులుకు ఆర్‌2బి అనే టీకా 0.5 మి.లీ. రెక్క కింద చర్మంలోకి వేయించండి. తర్వాత ఆరు నెలలకోసారి ఆర్‌2బి. ఇకపై పుట్టే పిల్లలకు 5–7 రోజుల వయసులో లాసోటా, 8 వారాలకు ఆర్‌2బి. టీకాను ఐసు పెట్టిన డబ్బాలోనే తేవాలి, కలిపాక గంటలోపు వాడేయాలి. కట్టుతో ఉన్న పుంజుకు మాత్రం మానాకే.

గూట్లో దూలం 45 సెం.మీ. ఎత్తుకు దించండి, అంచులు గుండ్రంగా చెక్కించండి, కింద గడ్డి పరచండి. మూడో పుంజు పాదాలు ఈ రాత్రే చూడండి. చీకటి పడ్డాక పట్టుకుంటే గింజుకోదు. మిరియపు గింజంత నల్ల పెచ్చు కనబడినా, అది కుంటకపోయినా, ఎప్సమ్ సాల్ట్ నీళ్లలో పాదం నానబెట్టడం మొదలుపెట్టేయండి.