బండి సందేహాలు: ఆర్15 వెర్షన్ 1 నుంచి వెర్షన్ 4 దాకా

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా యమహా ఆర్15 స్పోర్ట్స్ బైకు గురించే. 2008లో మన దేశంలో విడుదలైన ఈ బండి 2011లో వెర్షన్ 2గా, 2018లో వెర్షన్ 3గా, 2021లో వెర్షన్ 4గా మారింది. పేరు ఒకటే కదా, ఒకదాని సామాను ఇంకోదానికి సరిపోతుందిలే అనే నమ్మకం చాలా ఉత్తరాల్లో కనిపించింది. అందుకే ఆ ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: నాది 2009 ఆర్15. వెనక టైరు 100/80-17 మరీ సన్నగా ఉంది. వెర్షన్ 2కి వచ్చే 130/70 వేయించుకోవచ్చా? మెకానిక్ పడుతుందనే అంటున్నారు.

జవాబు: పట్టడం వేరు, కుదరడం వేరు. టైరు మీది అంకెలతో లెక్క వేసి చూడండి. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో గోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము వ్యాసం అంగుళాల్లో. 17 అంగుళాల రిమ్ము అంటే 432 మిల్లీమీటర్లు. 100/80 టైరు గోడ ఎత్తు 80 మి.మీ. పైనా కిందా కలిపితే మొత్తం వ్యాసం 592. అదే 130/70 అయితే గోడ 91, వ్యాసం 614. అంటే చక్రం దాదాపు 3.7 శాతం పెద్దదవుతుంది. చక్రం పెద్దదైతే ప్రతి గేరూ ఆ మేరకు బరువెక్కుతుంది, పికప్ తగ్గుతుంది.

వెర్షన్ 2లో ఆ నష్టం ఎందుకు కనిపించదంటే, టైరుతో పాటు స్ప్రాకెట్లు (చైను తిరిగే పళ్ళ చక్రాలు) కూడా మార్చారు. వెర్షన్ 1లో ముందు 14, వెనక 42 పళ్ళు. నిష్పత్తి సరిగ్గా 3. వెర్షన్ 2లో ముందు 15, వెనక 47. నిష్పత్తి 3.13, అంటే 4.4 శాతం ఎక్కువ. పెద్ద టైరు లాక్కున్నదాన్ని స్ప్రాకెట్ తిరిగి ఇచ్చేసిందన్నమాట. వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్‌ఆర్మ్‌ను కూడా అల్యూమినియంతో పొడవుగా చేసి, వీల్‌బేస్‌ను (రెండు చక్రాల మధ్య దూరాన్ని) 1,290 నుంచి 1,345 మి.మీ.కి పెంచారు. ఇవన్నీ ఒకదాన్ని చూసి ఒకటి చేసిన మార్పులు. వాటిలోంచి ఒక్క టైరును మాత్రమే పీకి తెచ్చుకుంటే మిగతా లెక్క తప్పుతుంది.

ఇంకో చిక్కు రిమ్ము. మీ రిమ్ము 100 టైరుకు తగ్గట్టు ఇరుకుగా ఉంటుంది. వెడల్పు టైరును ఇరుకు రిమ్ములో బిగిస్తే అంచులు లోపలికి నొక్కుకుపోయి నడిమి భాగం కోసుగా తేలుతుంది. నిటారుగా పోయేటప్పుడు నేలకు ఆనేది ఆ నడుమే కాబట్టి అక్కడే త్వరగా అరుగుతుంది. వంపులో బండి వాలడానికి మొరాయించి, ఆ తర్వాత ఒక్కసారిగా పడుతుంది. వెర్షన్ 2 బండికి 140/70 అడిగినవారికీ ఇదే మాట. ఆ సైజుకు 3.50 నుంచి 4.50 అంగుళాల రిమ్ము కావాలి. మీ రిమ్ము వెడల్పు దాని మీదే పోతపోసి ఉంటుంది, చదివి చూసుకోండి.

మార్చి తీరాలనుకుంటే స్వింగ్‌ఆర్మ్, చక్రం, యాక్సిల్, స్పేసర్లు, వెనక కాలిపర్ బ్రాకెట్, రెండు స్ప్రాకెట్లు, చైను అన్నీ వెర్షన్ 2వే సెట్టుగా తెచ్చుకోండి. పాత చైను చాలదు. స్ప్రాకెట్లలో మొత్తం 6 పళ్ళు పెరిగితే చైనులో సుమారు 3 లింకులు పెరగాలి, స్వింగ్‌ఆర్మ్ పొడవు దానికి అదనం. ఈ ఖర్చంతా చూస్తే, మా అభిప్రాయంలో అదే సైజులో మంచి జిగురు రబ్బరున్న కొత్త టైరు కొనుక్కోవడమే మేలు.

ప్రశ్న: 149 సీసీ నుంచి 155 సీసీకే పెరిగింది, పైగా కాగితం మీద టార్క్ తగ్గింది. మరి వెర్షన్ 3కి పవర్ ఎక్కడిది?

జవాబు: బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 57 నుంచి 58 మి.మీ. అయింది, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 58.7 అలాగే ఉంది. ఆ ఒక్క మిల్లీమీటరుతోనే 149.8 కాస్తా 155 అయింది. కానీ అసలు సంగతి అది కాదు. పవర్ అంటే టార్క్‌ను (ఇంజన్ తిప్పే బలాన్ని) ఆర్‌పీఎంతో (నిమిషానికి తిరిగే చుట్లతో) గుణించడమే. వెర్షన్ 1లో 7,500 దగ్గర 15 ఎన్ఎం (టార్క్ కొలత) ఉన్నా, 8,500 దగ్గర 17 పీఎస్‌తో (పవర్ కొలత) ఊపు ఆగిపోయేది. వెర్షన్ 3లో టార్క్ శిఖరం 14.7 ఎన్ఎం మాత్రమే, అయితే అది 8,500 దగ్గర వస్తుంది. 10,000 దాకా ఊపిరి నిలిచి 19.3 పీఎస్ ఇస్తుంది.

ఆ ఊపిరి వీవీఏ (వాల్వులు తెరుచుకునే తీరును మార్చే ఏర్పాటు) చలవ. గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వైపు, వాల్వులను నెట్టే క్యామ్‌లు రెండు ఎత్తుల్లో ఉంటాయి. మెల్లగా తిరిగేటప్పుడు వాల్వులు తక్కువగా తెరుచుకోవాలి, లేకపోతే గాలి వేగం పడిపోయి పెట్రోలుతో సరిగా కలవదు. 7,400 ఆర్‌పీఎం దగ్గర ఒక సోలెనాయిడ్ చిన్న పిన్నును నెట్టి రెండు రాకర్ ఆర్మ్‌లను జోడిస్తుంది. అక్కణ్ణుంచి ఎత్తు క్యామ్ పని చేస్తుంది. మీటరులో వీవీఏ గుర్తు వెలగడం, శబ్దం మారడం అప్పుడే. కంప్రెషన్ కూడా 10.4 నుంచి 11.6కి పెరిగింది.

ప్రశ్న: బీఎస్6 వెర్షన్ 3 కొన్నాను. న్యూట్రల్‌లో స్టార్ట్ అవుతోంది, గేరు వేయగానే ఆగిపోతోంది. పవర్ తగ్గించడం వల్లేనా?

జవాబు: కాదు. బీఎస్6 కాలుష్య ప్రమాణం కోసం 19.3 పీఎస్ 18.6 అయిన మాట నిజమే (వెర్షన్ 4లో 18.4), దానికీ దీనికీ సంబంధం లేదు. బీఎస్6తో పాటు సైడ్‌స్టాండు దించి ఉంటే గేరు పడగానే ఇంజన్‌ను ఆపేసే స్విచ్ వచ్చింది. స్టాండు ఎత్తినా, బురద పట్టిన స్విచ్ అది ఇంకా దించే ఉందనుకుంటుంది. స్టాండు పివట్ దగ్గర కడిగి, ఆరబెట్టి, స్విచ్ వైరు కనెక్టర్ చూడండి. కనెక్టర్ వదులైనా ఇదే లక్షణం.

ప్రశ్న: వెర్షన్ 3కి ఆయిల్ మార్పించాక ఐదో గేరులో థ్రాటిల్ తిప్పితే శబ్దం పెరుగుతోంది, వేగం పెరగట్లేదు.

జవాబు: క్లచ్ జారుతోంది. మొదట క్లచ్ లివరు చివర వదులు కొలవండి. 10 నుంచి 15 మి.మీ. ఉండాలి. అసలు వదులే లేకపోతే కేబుల్ సర్దితే చాలు. అది సరిగ్గానే ఉంటే పోసిన ఆయిల్ డబ్బా చూడండి. ఈ క్లచ్ ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. కారు ఆయిళ్ళలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, అవి ప్లేట్ల పట్టు తీసేస్తాయి. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని లేకపోతే వెంటనే వంపేసి సరైనది పోయించండి. ఆ తర్వాత కూడా జారితే ప్లేట్లు నున్నబడిపోయినట్టే, మార్చాలి.

ప్రశ్న: రోజూ ఆఫీసుకు. నడుము నొప్పి రాని వెర్షన్ ఏది?

జవాబు: సీటు ఎత్తు వెర్షన్ 1లో 790, వెర్షన్ 2లో 800, ఆ తర్వాతి రెండింటిలో 815 మి.మీ. ఎత్తు పెరిగేకొద్దీ బరువు మణికట్ల మీదికి వస్తుంది. వెనక మనిషి కూడా ఉంటే 2015లో వచ్చిన ఆర్15ఎస్ చూడండి. అది ఒకే పొడవు సీటున్న వెర్షన్ 2.

ప్రశ్న: పాత వెర్షన్ 2 బేరం కుదిరింది. ఏం చూసుకోవాలి? ఇంజన్ పోతే బోర్ చేయించుకోవచ్చంటున్నారు.

జవాబు: బోర్ మాటను నమ్మి కొనకండి. ఆర్15 సిలిండర్ డయాసిల్ రకం. ఇనుప లైనరు ఉండదు, దాదాపు 20 శాతం సిలికాన్ కలిపిన అల్యూమినియం పోతపోసిన దిమ్మే గోడగా పనిచేస్తుంది. వేడిని త్వరగా వదిలేస్తుంది, అరుగుదల తక్కువ. కానీ గీతలు పడితే మామూలు బండికిలా బోర్ కొట్టించి (సిలిండర్‌ను కాస్త వెడల్పుగా తొలిపించి) ఓవర్‌సైజ్ పిస్టన్ వేసే దారి లేదు. సిలిండర్, పిస్టన్, రింగులు కలిపి కొత్తవి పెట్టాల్సిందే.

అందుకని కూలెంట్ దగ్గర మొదలుపెట్టండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీయండి. లోపల తుప్పు రంగు నీళ్ళుంటే కూలెంట్ బదులు కుళాయి నీళ్ళతో నడిపారని అర్థం. వాటర్ పంప్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ చెమ్మ కనిపిస్తే సీల్ పోయింది. ఆయిల్ పాల రంగులో ఉంటే కూలెంట్ అందులో కలిసింది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు క్షణం పాటు నీలి పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్ళ ఖర్చు. థ్రాటిల్ ఇచ్చిన ప్రతిసారీ నీలి పొగ వస్తే రింగులో సిలిండరో పోయినట్టే, బేరం వదిలేయండి.

ఫ్రేము వంకర చూడటానికి దారం చాలు. బండిని నిటారుగా నిలబెట్టి, హ్యాండిల్ సూటిగా ఉంచి, వెనక టైరు రెండు పక్కలా తాకుతూ దారం ముందు చక్రం దాకా లాగండి. వెర్షన్ 2లో వెనక 130, ముందు 90. కాబట్టి ముందు టైరుకు ఒక్కో పక్క సుమారు 20 మి.మీ. సందు రావాలి. ఒక పక్క 14, ఇంకో పక్క 26 వస్తే మొదట చైను అడ్జస్టర్ గీతలు రెండు పక్కలా సమానంగా ఉన్నాయో లేదో చూసి, సరిచేసి మళ్ళీ కొలవండి. అప్పటికీ తేడా పోకపోతే బండి ఎక్కడో గట్టిగా పడింది. డెల్టాబాక్స్ ఫ్రేము, ఫోర్క్ రెండూ విడిగా కొలిపించాకే డబ్బు మాట ఎత్తండి.