రోటరీ టేబుల్‌కు ఫిక్చర్ ప్లేటు: ముందు కేంద్రం, ఆ తర్వాతే రంధ్రాలు

ప్రశ్న: ఇంటి వెనుక షెడ్డులో చిన్న మిల్లింగ్ మిషన్ పెట్టుకుని పని చేసుకుంటున్నాను. 150 మి.మీ. రోటరీ టేబుల్ (డిగ్రీల లెక్కన తిప్పే గుండ్రని బల్ల) ఉంది గానీ, దానికి నాలుగే టీ-స్లాట్లు (బోల్టులు పట్టే టీ ఆకారపు గాళ్లు) కావడంతో చిన్న జాబ్‌లను (పని ముక్కలను) క్లాంపులతో బిగించడం కుదరడం లేదు. డ్రిల్లు అడుగు దాటితే టేబుల్‌కే గాటు పడుతుందన్న భయమూ ఉంది. పైన ఒక ఫిక్చర్ ప్లేటు (జాబ్‌లను బిగించడానికి రంధ్రాలున్న లోహపు పలక) వేసుకోవాలంటే ఏ లోహం, ఎంత మందం తీసుకోవాలి? రంధ్రాలు ఎన్ని, ఏ వరసలో ఉండాలి?
— ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ఫిక్చర్ ప్లేటు అనగానే చాలామంది కాగితం మీద ముందుగా రంధ్రాలే గీస్తారు. రంధ్రాలు ఎప్పుడైనా వేసుకోవచ్చు. ప్లేటును తీసి మళ్లీ బిగించిన ప్రతిసారీ దాని కేంద్రం టేబుల్ కేంద్రం మీదికే వచ్చి కూర్చునే ఏర్పాటు మాత్రం మొదటే జరగాలి. చాలా టేబుళ్ల మధ్య రంధ్రం మోర్స్ టేపరుతో (లోపలికి పోనుపోను సన్నబడే ప్రామాణిక వాలుతో) ఉంటుంది. ఈ సైజులో తరచుగా కనిపించేది 2వ నంబరు. కింది భాగం ఆ టేపరులో కూర్చునేలా, పై భాగం 20 మి.మీ. వ్యాసం గల నిలువు స్తంభంగా ఉండేలా ఒక ప్లగ్గును లేత్ మీద తిప్పించి, ప్లేటు మధ్య రంధ్రాన్ని దానికి వదులు లేకుండా జారేలా బోరు చేయించండి. టేపరు కాస్త లోతుగా దిగినా పైకి నిలిచినా ప్లేటు మాత్రం టేబుల్ ముఖం మీదే ఆనుతుంది. ప్లగ్గు తల ప్లేటు ఉపరితలానికి కొంచెం దిగువనే ఉండాలి. దాని నడుమ ఎం8 (8 మి.మీ. బోల్టుకు సరిపడే మర) ట్యాప్ కొట్టించుకుంటే తీసేటప్పుడు బోల్టు ఎక్కించి లాగవచ్చు.

బిగించాక ఇంకొక పని ఉంది, దాన్ని వదలవద్దు. ఎండ్ మిల్లును (పక్కలతోనూ కోసే మిల్లింగ్ కట్టరును) ప్లేటు అంచుకు ఆనించి, టేబుల్‌ను పూర్తిగా ఒక చుట్టు తిప్పుతూ అంచు మీద సన్నని పొర తీయండి. మధ్య రంధ్రంలో చిన్న తేడా మిగిలినా, ఆ అంచు మాత్రం టేబుల్ తిరిగే ఇరుసుకు సరిగ్గా కుదురుతుంది. తర్వాత ఎప్పుడు బిగించినా డయల్ గేజి సూదిని ఆ అంచుకు ఆనించి సరిచూసుకోవచ్చు. ప్లేటు మీద, టేబుల్ మీద ఒకే చోట సున్నా గుర్తు కొట్టి, ఎల్లప్పుడూ ఆ వైపుకే అమర్చండి.

లోహం విషయంలో నా ఓటు 6061 లేదా 6082 రకం అల్యూమినియానికే. 150 మి.మీ. వ్యాసం, 20 మి.మీ. మందం గల ఉక్కు ప్లేటు దాదాపు 2.8 కిలోలు తూగితే, అల్యూమినియంది కిలో లోపే ఉంటుంది. మన తీరప్రాంతపు ఉప్పుగాలికి మైల్డ్ స్టీలు త్వరగా తుప్పు పడుతుంది; పైగా బ్రైట్ బార్‌ను (చల్లగా సాగదీసిన ఉక్కును) ఒకవైపే చెక్కితే లోపలి ఒత్తిళ్లు సడలి వంగే ప్రమాదం ఉంది. విశాఖపట్నం ఆటోనగర్ వైపు వెళ్లే పని ఉంటే కోత ముక్కల కోసం అడిగి చూడండి. వ్యాసం టేబుల్‌ను మించకూడదు; మించితే డిగ్రీల గీతలు కనబడవు, టేబుల్‌ను నిలువుగా పెట్టినప్పుడు మిషన్ బల్లకు తగులుతుంది.

మందాన్ని నిర్ణయించేది బోల్టు తల. ఎం8 అలెన్ బోల్టు తల ఎత్తు 8 మి.మీ. కాబట్టి 9 మి.మీ. లోతు కౌంటర్ బోర్ (బోల్టు తల దిగే వెడల్పు గుంత) వేశాక కూడా దాని కింద గట్టి లోహం మిగలాలి. అందుకే 16కు తగ్గవద్దు, 20 మేలు. అంతకు మించితే స్పిండిల్ కింద ఉన్న కొద్దిపాటి ఎత్తూ తగ్గిపోతుంది. బోల్టు పొడవును మాత్రం జాగ్రత్తగా చూసుకోండి: అది టీ-నట్‌ను (స్లాట్‌లో కూర్చునే నట్‌ను) దాటి స్లాట్ అడుగుకు తన్నితే, బిగించే కొద్దీ నట్ పైకి లేచి పోత ఇనుము పెదవిని విరగ్గొడుతుంది.

ఇక రంధ్రాలు. స్లాట్ల మీద నాలుగు బోల్టులు పోగా, వాటి నడుమ 45 డిగ్రీల గీతల మీద 25, 40, 55 మి.మీ. వ్యాసార్ధాల వద్ద ఎం6 రంధ్రాలు వేస్తే 12 అవుతాయి. ఆరంభానికి అవి చాలు. 5 మి.మీ. డ్రిల్లు వేసి, కిరసనాయిలు చుక్కలు వేస్తూ ట్యాప్ కొట్టండి. మీ టేబుల్ 90:1 అయితే (హ్యాండిల్ 90 చుట్లకు టేబుల్ ఒక చుట్టు), హ్యాండిల్ ఒక చుట్టుకు 4 డిగ్రీలు, అంటే 45 డిగ్రీలకు పదకొండుంపావు చుట్లు. వెనుకాట (దిశ మార్చినప్పుడు పళ్ల మధ్య వదులు) వల్ల దోషం చేరకుండా ఎప్పుడూ ఒకే దిశలో తిప్పండి. కొత్త జాబ్ అడిగినప్పుడే కొత్త రంధ్రం వేయండి. వాడని వాటిలో గ్రబ్ స్క్రూలు (తల లేని మరలు) దించి ఉంచితే రజను చేరదు.

ప్రశ్న: 1.5 మి.మీ. ఇత్తడి బిళ్లకు అంచున 12 రంధ్రాలు వేస్తుంటే డ్రిల్లు పట్టుకుని బిళ్లను పైకి లాగేస్తోంది.
— ఒక పాఠకురాలు, బుడితి

జవాబు: ఇత్తడికి మామూలు డ్రిల్లు మొన మరీ కొరుకుడు. కోసే అంచుల ముందుభాగాన్ని నూనెరాయితో కొద్దిగా చదును చేయండి. బిళ్ల కింద ఎండీఎఫ్ చెక్క వేసి, పైన ఒక ఉక్కు బిళ్లతో మధ్యలో బిగించండి. 90:1 టేబుల్ మీద ఒక్కొక్క రంధ్రానికి ఏడున్నర చుట్లు తిప్పాలి.