ప్రార్థన ముందు, కార్డు తరువాత

“టారో కార్డులను, యూదుల ప్రార్థనను కలిపి ఆత్మపరిశీలనకు వాడుకున్నవారు ఎవరైనా ఉన్నారా? రెండూ పరస్పర విరుద్ధం కావా?” అన్న ప్రశ్న చూసి ఈ సమాధానం రాస్తున్నాను. టారో అంటే చాలామంది జోస్యానికి వాడే బొమ్మల పేకముక్కలు. నేను యూదురాలిని కాను. పాలకొల్లు దగ్గరి ఒక పల్లెలో క్రైస్తవ కుటుంబంలో పుట్టి, తెలుగు పండిత శిక్షణ పూర్తిచేసి, ఉద్యోగం రాక, ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షణకు వెళ్లి, పెతాహ్ తిక్వా పట్టణంలో ఎనిమిదేళ్లకు పైగా ఒకే ఇంట్లో పనిచేశాను. అయినా సమాధానం చెప్పే అర్హత నాకు ఉందనే అనుకుంటున్నాను, ఎందుకంటే ఆ ఇంట్లో ప్రార్థనల పుస్తకమైన సిద్దూరు, టారో కార్డుల పెట్టె మందుల సొరుగులోనే పక్కపక్కన ఉండేవి. ఆ సొరుగు తాళంచెవి నా దగ్గర ఉండేది.

నేను చూసుకున్న ఆవిడ రొమేనియాలో పుట్టి, చిన్నతనంలో వలస వచ్చినవారు. నేను వెళ్లేనాటికి ఆమెకు 84 ఏళ్లు. మనవలతో పాటు నేనూ ఆమెను సవ్తా అనే పిలిచేదాన్ని. మన అమ్మమ్మకూ నాయనమ్మకూ వాళ్లకు ఆ ఒక్క మాటే. ఆమె దగ్గర నేను మొదట నేర్చుకున్న ప్రార్థన దేవుడు ఒక్కడేనని చాటే, అందరికీ తెలిసిన షెమా కాదు, మరుగుదొడ్డి నుంచి వచ్చి చేతులు కడుక్కున్నాక చెప్పే అషెర్ యత్సర్. మనిషిని జ్ఞానంతో నిర్మించి అతనిలో రంధ్రాలను, నాళాలను కల్పించావనీ, వాటిలో తెరుచుకోకూడనిది తెరుచుకున్నా, మూసుకోకూడనిది మూసుకున్నా నీ ముందు నిలబడలేమనీ దాని సారాంశం. మొదట్లో నాకు ఇబ్బందిగా ఉండేది. దేవుణ్ణి అక్కడి దాకా కూడా తీసుకురావాలా అనిపించేది. మూత్రం బిగిసి ఆమె రాత్రంతా మూలిగి, తెల్లవారుజామున గొట్టం వేయించుకుని తేరుకున్న రోజున, వణికే గొంతుతో ఆమె ఆ మాటలు చెబుతుంటే పక్కన నిలబడి “ఆమేన్” అన్నాను. దుప్పట్లు మార్చిన మనిషికి ఆ ప్రార్థనలో ఒక్క మాట కూడా అలంకారంగా కనిపించదు.

కార్డులు ఆమె మనవరాలివి. సైన్యంలో కాలపరిమితి ముగించుకుని, అక్కడి యువత చాలామంది చేసినట్టే దేశాలు తిరగడానికి వెళుతూ ఆ పెట్టెను నాకు ఇచ్చిపోయింది. సవ్తా వాటిని చూసి భయపడలేదు, కోప్పడలేదు. ఆమెకు రమ్మీ ఆటంటే ప్రాణం కనుక, జోకర్ ఎక్కడుందని మాత్రం అడిగారు. తరువాత ఒక షరతు పెట్టారు: “బొమ్మలు చూడు, ఎంతసేపైనా చూడు. ఏం జరగబోతోందని మాత్రం అడగకు.” ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం మన తెలుగు బైబిలులో సోదె, శకునం, చిల్లంగి, కర్ణపిశాచి అంటూ ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి నిషేధిస్తుంది. ఆ వెంటనే వచ్చే 13వ వచనంలో “తమీమ్ తిహియే”, అంటే నీ దేవుని ఎడల సంపూర్ణుడవై ఉండు అన్న ఆజ్ఞ ఉంది. రాబోయేదాన్ని తవ్వుకుంటూ పోకుండా, వచ్చినదాన్ని పూర్ణమనసుతో స్వీకరించడమే దాని భావమని 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ వివరించాడు. సవ్తా షరతుకు మూలం అదేనని నాకు తరువాత తెలిసింది. కాబట్టి విరుద్ధం కావా అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఇది: భవిష్యత్తు అడిగితే విరుద్ధమే, అందులో సందేహం లేదు, మిమ్మల్ని మీరు అడిగితే కాదు. దీనిని ఒప్పుకోని రబ్బీలు, అంటే యూదు మతగురువులు, చాలామంది ఉంటారు. వారితో వాదించే చదువు నాకు లేదు, కానీ నేను చూసినది చూశాను.

ఇక్కడ ఒక ఫిర్యాదు చెప్పుకోవాలి. టారో అనేది యూదుల ప్రాచీన రహస్యవిద్య అని వీడియోల్లో చెప్పి తరగతులు అమ్ముకునేవారిని నమ్మకండి. అవి 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పుట్టిన పేకముక్కలు. దొరలు పొద్దుపోక ఆడుకున్న ఆట. 1781లో కూర్ ద జెబెలాన్ అనే ఫ్రెంచి పండితుడు వాటిని ఈజిప్టు జ్ఞానమన్నాడు. 19వ శతాబ్దంలో ఎలిఫాస్ లెవీ 22 ప్రధాన కార్డులను 22 హీబ్రూ అక్షరాలకు జతచేశాడు. పేరు చూసి మోసపోకండి, అతను యూదుడు కాదు. తన ఫ్రెంచి పేరునే హీబ్రూలోకి మార్చుకున్నవాడు. 1909లో లండన్‌లో వెలువడిన, పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలు గీసిన కార్డుల్లో పూజారిణి చేతిలో తోరా (యూదుల ధర్మశాస్త్రం) అని రాసి ఉన్న గ్రంథపు చుట్ట, అదృష్టచక్రం మీద దేవుని నాలుగక్షరాల నామం కనిపించేది ఆ జతపరచిన పరంపర వల్లనే. ఆ చక్రం కార్డును సవ్తాకు చూపించినప్పుడు ఆమె ఒక్కదాని మీదే అభ్యంతరం చెప్పారు: ఆ నామం ఉన్న ముక్కను మందుసీసా కింద పెట్టవద్దన్నారు. అందుకని అది ఒక్కటీ సిద్దూరు అట్ట లోపల ఉండేది.

ఇక అసలు సంగతి. నా ఏడో సంవత్సరంలో, ఎలూల్ మాసంలో, సవ్తాకు న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. కొత్త సంవత్సరానికి ముందు వచ్చే ఆ నెలలో యూదులు ఏడాది పొడుగునా తాము చేసినవాటిని తవ్వి చూసుకుంటారు. దానిని హెష్బోన్ హనెఫెష్, అంటే ఆత్మ లెక్క అంటారు. హోటల్లో భోజనం ముగించి బిల్లు తెమ్మనడానికీ అక్కడ అదే హెష్బోన్ అన్న మాట వాడతారు. మూడు రాత్రులు ఆసుపత్రి కుర్చీలో కూర్చున్నాక, నాలుగో రాత్రి ఆమె కూతురు నన్ను ఇంటికి పంపింది. ఖాళీ ఇంట్లో దీపం వేసి, ఆ నెలంతా చదివే 27వ కీర్తనను మొదట సిద్దూరులో కూడబలుక్కుంటూ, తరువాత తెలుగులో గడగడా చదివాను. ఆమెను బతికించమని మోకాళ్లూని వేడుకున్నాను. అంతటితో ఊరుకోకుండా, పెట్టిన షరతు మరిచి, కార్డులు కలిపి “బతుకుతుందా?” అని అడిగి ఒకటి తీశాను.

ఆరు నాణేల కార్డు వచ్చింది. ఎర్రని అంగీ వేసుకున్న ఒక షావుకారు ఒక చేత్తో త్రాసు పట్టుకుని, రెండో చేత్తో మోకాళ్లూనిన బిచ్చగాడి చేతిలో నాణేలు వదులుతుంటాడు. పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకంలో దానం, ఔదార్యం అని ఉంది. దానిని నా ప్రశ్నకు ఎలా అతికించాలా అని కాసేపు ఆలోచించాను. తరువాత నా చూపు ఆ త్రాసు మీద నిలిచిపోయింది. సంరక్షకుల వీసా మామూలుగా 63 నెలలే. ఆ గడువు దాటినవారు అదే వృద్ధుల దగ్గర కొనసాగుతున్నంత కాలమే పొడిగింపు దొరుకుతుంది. నా 63 నెలలు ఎప్పుడో దాటిపోయాయి. ఊళ్లో నా కొడుకు ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉన్నాడు, నన్ను పంపిన ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పులో కొంత ఇంకా మిగిలే ఉంది. ఆ ముసలి ప్రాణం పోతే నేను విమానం ఎక్కవలసిందే. నేను ఇంతసేపూ మోకాళ్లూని అడిగినది ఆమె ఊపిరినా, నా జీతాన్నా? బొమ్మలో ఆ బిచ్చగాడిని నేనే, ఆమె ఊపిరిని నా నెలలతో తూస్తున్న ఆ షావుకారునూ నేనే. ఆ రాత్రి ఇక పడుకోలేదు. తెల్లవారాక కింది వీధిలోని ప్రార్థనామందిరంలో, ఆ నెల ఉదయాల్లో ఊదే కొమ్ము చప్పుడు వినిపించినప్పుడు కూడా కార్డు బల్ల మీదే ఉంది.

ఆమె కోలుకుని ఇంటికి వచ్చాక, అడగకూడనిది అడిగానని, నా ప్రార్థనలో నా వీసా కూడా కలిసి ఉందని ఉన్నదున్నట్టు చెప్పేశాను. సవ్తా దగ్గు వచ్చేదాకా నవ్వారు. “నా కూతురు మాత్రం ఏం చేసింది? నేను పోతే సామాన్లు సర్దాలి, నువ్వు పోతే మరో మనిషిని వెతకాలి అని ఆమె లెక్క ఆమె వేసుకునే ఉంటుంది. నువ్వు వీసా కోసమే ప్రార్థించు, కానీ మానకు,” అన్నారు. స్వచ్ఛమైన ఉద్దేశం లేకపోయినా మంచిపని చేస్తూ ఉంటే, చేయగా చేయగా ఆ ఉద్దేశం స్వచ్ఛమవుతుందని యూదు పండితుల ధర్మచర్చల గ్రంథమైన తాల్ముద్‌లో ఒక మాట ఉందని కూడా చెప్పారు. ఆమె ఆ తరువాత 14 నెలలు బతికారు.

ఈ అనుభవం వల్ల నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది: ప్రార్థన ముందు, కార్డు తరువాత. ముందే కార్డు తీస్తే ప్రార్థన కూడా ఆ బొమ్మ చుట్టూ బేరంగా మారుతుంది. ముందు ప్రార్థిస్తే, ఆ ప్రార్థనలో మనం దాచిపెట్టుకున్నదేదో బొమ్మ బయటికి లాగుతుంది. 78 కార్డుల్లో ఏది వచ్చినా ఇది జరుగుతుందనే నా నమ్మకం. ఆరు నాణేలకు బదులు మరొకటి వచ్చి ఉన్నా, దాచుకున్నది నా దగ్గరే ఉంది కదా. హీబ్రూలో ప్రార్థించడమనే క్రియ, హిత్పల్లేల్, తనపై తాను చేసుకునే పనిని తెలిపే రూపంలో ఉంటుంది. తెలుగు చదువుకున్నదాన్ని కనుక ఇది వినగానే మన “కొను” ధాతువు గుర్తుకు వచ్చింది; మనం కూడా ఉత్తినే వేడము, వేడుకొంటాము.

తెలిసినవాళ్లకు ఇదంతా వివరించబోతే, సగంలోనే “నాకు వీసా ఎప్పుడొస్తుందో ఒక కార్డు తీసి చెప్పు” అంటారు. చెప్పనంటే అలుగుతారు. టారో సాతాను పని అని తిట్టిపోసిన మా అమ్మ, నేను వెళ్లే ముందు ప్రయాణం కుదురుతుందా లేదా అని ఎరుకల సోదమ్మకు చేటలో బియ్యం పోసి చెప్పించుకున్న మనిషే.

ఇప్పుడు ఆ అమ్మనే చూసుకుంటున్నాను. ఆమెకు షుగరు వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. మరుగుదొడ్డి నుంచి చెయ్యిపట్టుకుని తీసుకువచ్చాక, అషెర్ యత్సర్‌ను నేను తెలుగు చేసుకున్న మాటల్లో పైకి చెబుతాను. అది ఎవరి ప్రార్థనో ఆమె ఎన్నడూ అడగలేదు, “ఆమేన్” అని మాత్రం గట్టిగా అంటుంది. కార్డుల పెట్టె అల్మారాలో చీరల అడుగున ఉంది. ఆ సంగతి ఇంకా చెప్పలేదు.