కజిన్ పక్కన బ్రదర్ ఎందుకు?

ప్రశ్న: మా పాప ఏడో తరగతి. చిన్నమ్మ కొడుకు గురించి ‘మై కజిన్ బ్రదర్’ అని రాస్తే టీచర్ ‘బ్రదర్’ కొట్టేశారు. తప్పేంటి?
– ఒక తల్లి, దేవరకొండ

జవాబు: టీచర్ దిద్దింది సరైనదేనమ్మా. ఇంగ్లిష్‌లో కజిన్ ఒక్కటే చాలు. అబ్బాయో అమ్మాయో తర్వాత వచ్చే ‘హి’, ‘షి’ చెబుతాయి. ‘మై కజిన్ లివ్స్ ఇన్ నల్గొండ. హి ఈజ్ టెన్.’ అంతే.

కానీ పాపను కోప్పడకండి. మనకు చిన్నమ్మ కొడుకు తమ్ముడు, మేనమామ కొడుకు బావ. ఒకరికి రాఖీ కడతాం, ఇంకొకరిది పెళ్లి వరస. ఇంగ్లిష్ ఇద్దరినీ కజిన్ అనేస్తుంది. ఆ తేడా పోగొట్టుకోలేకే మనవాళ్లు బ్రదర్ తగిలించారనిపిస్తుంది నాకు. మిర్యాలగూడలో పాఠాలు చెప్పినన్నాళ్లూ పిల్లలు ఇదే రాసేవాళ్లు, దిద్దుతూనే ముద్దొచ్చేది. వరస చెప్పి తీరాలంటే ‘మై మదర్స్ సిస్టర్స్ సన్’ అని రాయించండి.