టెక్ సందేహాలు: పంపు కీచుమంటే ముందు ఫిల్టర్ ఎటువైపు ఉందో చూడండి

ప్రశ్న: నా టర్బో కారుకు ట్యాంకు బయట బిగించే, గంటకు 255 లీటర్లు తోసే పంపు వేయించాను. ట్యాంకుకీ పంపుకీ మధ్య 10 మైక్రాన్ల (మిల్లీమీటరులో వందో వంతు) ఇన్‌లైన్ ఫిల్టర్ పెట్టాను. అరగంట తిరిగేసరికి పంపు కీచుమంటోంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఫ్యూయల్ ప్రెషర్ పడిపోతోంది. ఇంకా పెద్ద పంపు కొనాలా?

జవాబు: వద్దండీ. పంపు జోలికి వెళ్లకముందు ఆ ఫిల్టర్‌ను అక్కణ్ణుంచి తీయండి. ఫిల్టర్ మంచిదే కావచ్చు, అది ఉన్న చోటే తప్పు.

ఎలక్ట్రిక్ పంపు పెట్రోలును బలంగా తోస్తుంది కానీ, పీల్చుకోవడం దానికి కష్టం. పీల్చే వైపు అంత సన్నటి జల్లెడ అడ్డం పెడితే పంపు నోటి దగ్గర ప్రెషర్ తగ్గిపోతుంది. వేడెక్కిన పెట్రోలు అక్కడే ఆవిరి బుడగలవుతుంది. కావిటేషన్ అనేది ఇదే. మీరు చెప్పిన లక్షణాలన్నీ దానికే సరిపోతున్నాయి. పంపు చల్లబడేదీ, దాని లోపలి భాగాలు తడిగా ఉండేదీ పెట్రోలు వల్లే. కాబట్టి బుడగలు మింగుతూ నడిచే పంపు ఎక్కువ కాలం బతకదు. ఇంజిన్‌కు ఇంకా ప్రమాదం: బూస్ట్‌లో, అంటే టర్బో గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెడుతుండగా, పెట్రోలు చాలకపోతే మిశ్రమం లీన్ అయి (గాలికి తగ్గ పెట్రోలు లేక), నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) మొదలై పిస్టన్లే దెబ్బతింటాయి. అందుకే సరిచేసేదాకా గట్టిగా నడపకండి.

పంపుకు ముందు 100 మైక్రాన్ల స్టీల్ మెష్ ఫిల్టర్ పెట్టండి. ఇసుక రేణువులు, తుప్పు పెచ్చులు పంపులోకి పోకుండా అది చాలు. 10 మైక్రాన్ల ఫిల్టర్‌ను పంపు తర్వాత, ఇంజెక్టర్ల రెయిల్‌కు (వాటికి పెట్రోలు పంచే గొట్టానికి) ముందు పెట్టండి. ఇంజెక్టర్ల సన్నటి రంధ్రాలను కాపాడేది అదే. ఇథనాల్ ఎక్కువగా ఉండే ఇ85 లాంటి ఇంధనం పోస్తుంటే ఫిల్టర్ లోపల కాగితం ఎలిమెంట్ వద్దు, సన్నటి గాజు పోగుల మైక్రోగ్లాస్ తీసుకోండి. కార్బ్యురేటర్ కార్లకు వాడే పారదర్శకమైన ప్లాస్టిక్ ఫిల్టర్‌ను ఈ లైనులో పెట్టడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. కార్బ్యురేటర్ లైనులో ఉండేది అర బార్ లోపు ప్రెషర్. మీ లైనులో బేస్ ప్రెషర్ (బూస్ట్ లేనప్పటిది) 3 బార్ అనుకుంటే, 1 బార్ బూస్ట్ వచ్చినప్పుడు ప్రెషర్‌ను అదుపు చేసే రెగ్యులేటర్ దాన్ని 4 బార్‌కు తీసుకెళ్తుంది.

సైజు దగ్గర చాలామంది ఇంజిన్ తాగే పెట్రోలునే లెక్కేస్తారు. రిటర్న్ లైన్ ఉన్న సిస్టమ్‌లో ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నా పంపు తోసేదంతా ఫిల్టర్ గుండానే పోయి, మిగిలింది ట్యాంకుకు తిరిగొస్తుంది. కాబట్టి ఫిల్టర్ సామర్థ్యం పంపుకు తగ్గట్టు ఉండాలి. ఫిట్టింగుల మీద కనిపించే ఏఎన్ నంబరు అంగుళంలో పదహారో వంతుల లెక్క. ఏఎన్ 6 అంటే 3/8 అంగుళాల లోహపు గొట్టానికి సమానం. పీల్చే వైపు ఒక సైజు పెద్దది, అంటే ఏఎన్ 8 వేస్తే పంపుకు ఊపిరాడుతుంది.

బిగించే ముందు ఇంజిన్ చల్లారాలి. పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపి లైనులో ప్రెషర్ దించండి. తర్వాత బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. గాలి ఆడే చోట, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ దగ్గర పెట్టుకునే పని మొదలుపెట్టాలి.

ఫిల్టర్ గొట్టాలకు వేలాడకూడదు. రబ్బరు పొర ఉన్న క్లాంపుతో బాడీకి బిగించండి. సైలెన్సర్ గొట్టానికి, తిరిగే షాఫ్టులకు, రాళ్లు తగిలే చోటుకు దూరంగా ఉండాలి. బాణం గుర్తు ఇంజిన్ వైపు చూడాలి. ఏఎన్ ఫ్లేర్ ఫిట్టింగుకు టెఫ్లాన్ టేపు చుట్టకండి. అక్కడ లీకును ఆపేది మర చుట్లు కాదు, ఏటవాలు అంచు. టేపు పోగులు ఊడితే నేరుగా ఇంజెక్టర్లలోకే పోతాయి.

గొట్టం కోశాక లోపల శుభ్రం చేయడం మరవకండి. కొత్తగా లైన్లు వేసిన ఓ కారు ఫిల్టర్‌ను నేను విప్పి తెల్లగుడ్డ మీద బోర్లిస్తే మిరియాల పొడిలా నల్లటి రబ్బరు రాలింది. ట్యాంకులోని మురికి కాదది, గొట్టం కోసినప్పుడు పడిన పొట్టు. అందుకే కొత్త లైన్లు వేశాక మొదటి 500 కిలోమీటర్లకే ఒకసారి విప్పి చూడమంటాను.

అన్నీ బిగించాక సెల్ఫ్ కొట్టకుండా ఇగ్నిషన్ మూడు నాలుగు సార్లు ఆన్ చేసి, ప్రతి జాయింటునూ పొడి టిష్యూతో తుడవండి. చిన్న తడి కనిపించినా స్టార్ట్ చేయకూడదు. బండి ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ అదే చేయండి. ఆ తర్వాత కూడా ప్రెషర్ పడిపోతుంటే, అప్పుడు ఫిల్టర్‌కు ముందూ వెనకా గేజ్ పెట్టి చూడండి. రెండు అంకెల మధ్య తేడా ఎక్కువుంటే అడ్డు ఫిల్టర్లోనే. తేడా లేకుండా రెండూ కలిసి పడిపోతుంటే పంపును, దానికొచ్చే వోల్టేజీని, పీల్చే లైనును చూడాలి.

ప్రశ్న: నాది డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే) కారు. హై ప్రెషర్ పంపు తర్వాత ఇలాంటి ఫిల్టర్ పెట్టొచ్చా?

జవాబు: పెట్టకూడదు. అక్కడ ప్రెషర్ 150 బార్ దాకా పోతుంది, చాలా కార్లలో ఇంకా ఎక్కువ. ఇలాంటి ఫిల్టర్ పెట్టాలంటే ట్యాంకు పంపుకీ హై ప్రెషర్ పంపుకీ మధ్య ఉన్న తక్కువ ప్రెషర్ లైనులోనే.