ఆటోగైరోలో ఇంజన్ ఎంత ఎత్తున ఉండాలి?

ప్రశ్న: ఒంటి సీటు ఆటోగైరో (పైనున్న రోటర్ రెక్కలు గాలికే తిరిగి ఎత్తే, ప్రొపెల్లర్ తోసే చిన్న విమానం) కడుతున్నాం. వెనక ఉండే 60 అంగుళాల ప్రొపెల్లర్ ఫ్రేమ్ కింది గొట్టానికి తగలకుండా ఇంజన్ పైకెత్తాం. ప్రమాదమా?

జవాబు: ప్రొపెల్లర్ ఇరుసు గీత బరువు కేంద్రానికి ఎంత పైన ఉందో చూడండి. పైన ఉంటే ఇంజన్ తోపు ముక్కును కిందికి వంచుతుంది. మామూలుగా రోటర్ దాన్ని ఆపుతుంది. గాలి కుదుపులో రోటర్ మీద భారం తగ్గితే ఆ పట్టు పోయి, ఆటోగైరో రెప్పపాటులో బోర్లా పడుతుంది. తేరుకునే వ్యవధే ఉండదు.

ముందు కొలవండి. రోటర్ రెక్కలు ఊడదీసి, పైలట్‌ను కూర్చోబెట్టి, ఆటోగైరోను రోటర్ తల బోల్టు నుంచి వేలాడదీయండి. అక్కడి నుంచి దారానికి గుండు కట్టి వదిలి, ఆ గీత ఫ్రేమ్ మీద గీయండి. మరోచోటి నుంచి వేలాడదీసి ఇంకో గీత. రెండూ కలిసేదే బరువు కేంద్రం. పైలట్‌కు బదులు ఇసుక బస్తా వద్దు. ఇసుక సీటు అడుక్కి దిగి, కేంద్రాన్ని తప్పుగా కిందికి చూపిస్తుంది. ట్యాంకు నిండుగానో ఖాళీగానో ఉంచండి, సగముంటే పెట్రోలు ఒక పక్కకు ఒరుగుతుంది.

ప్రొపెల్లర్ ఇరుసు గీతకూ బరువు కేంద్రానికీ ఎత్తు తేడా 2 అంగుళాలు దాటితే మార్చాల్సిందే. సీటు, ట్యాంకు పైకెత్తండి. లేదా కింది గొట్టాన్ని ప్రొపెల్లర్ దగ్గర దించి, ఇంజన్ కిందికి తెండి. అడ్డ తోక (తోక దగ్గర అడ్డంగా బిగించే పలక) కూడా తప్పనిసరి. వీలైనంత వెనక, ప్రొపెల్లర్ గాలి తగిలేచోట బిగించండి.